బోరు కెమెరాకు వేసే ఓరింగు

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం. మా గూడేల్లో ఈ పేర్లు ఇప్పుడు మేడారం, ఏటూరునాగారం పేర్లంత మామూలుగా వినిపిస్తున్నాయి. ఇంటర్ మధ్యలో ఆపేసిన పిల్లవాడు ఎక్కడున్నాడని అడిగితే తల్లి "పటాన్‌చెరుల పనికి పోతుండు సారూ" అంటుంది. ఏం పని అంటే "హెల్పర్" అంటుంది. అంతకు మించి ఆమెకు తెలియదు. హెల్పర్ అనే ఒక్క మాట కింద మూటలు మోసే పనీ ఉంది, రియాక్టరు మూత బిగించే పనీ ఉంది. పేరు మాత్రం ఒకటే, కూలి కూడా ఇంచుమించు ఒకటే.

మేము ఏజెన్సీ బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం. మా దగ్గర చదువుకున్న పిల్లలు అక్కడ ఏం చేస్తున్నారో కళ్ళారా చూద్దామని రెండేళ్ళుగా ఎండాకాలం సెలవుల్లో సంగారెడ్డి జిల్లాకు వెళ్ళి వస్తున్నాం. చూసిన వాటిలో ఒక్క పని గురించే ఇక్కడ రాస్తున్నాం. నీళ్ళలోకి దింపే కెమెరా గొట్టంలోకి నీళ్ళు పోకుండా వేసే రబ్బరు రింగు ఉంటుంది. దాన్ని చూసుకోవడం, సమయానికి మార్చడం. వినడానికి చిన్న పనే. మా పిల్లవాడొకడి రెండు నెలల జీతం దాని మీదే ఆగిపోయింది.

నీళ్ళలో కెమెరా అంటే సముద్రంలో చేపల బొమ్మలు తీసేది గుర్తొస్తుంది. మన దగ్గర సముద్రం లేదు గానీ బోర్లున్నాయి. ఎనిమిది వందల అడుగులు తవ్విన బోరులో మోటారు ఇరుక్కుందా, కేసింగు పగిలిందా, నీళ్ళు ఏ పొరలో వస్తున్నాయి అన్నది పైనుంచి చూస్తే తెలియదు. అందుకే బోరు కెమెరాలు వచ్చాయి. మూరెడు పొడవు స్టీలు గొట్టం, ముందు మందమైన అద్దం, లోపల కెమెరా, అద్దం చుట్టూ చిన్న చిన్న బల్బులు. వెనక నుంచి కేబులు వచ్చి చక్రానికి చుట్టుకుని ఉంటుంది. ఎన్ని అడుగులు దిగిందో చూపించే మీటరు, చూడటానికి చిన్న తెర. అన్నీ ఒక ఆటో ట్రాలీలో పడతాయి. రైతులు పిలుస్తారు, అపార్టుమెంటువాళ్ళు పిలుస్తారు, కంపెనీలు పిలుస్తాయి. మా పూర్వ విద్యార్థి ఒకడు అలాంటి ట్రాలీ మీద పనికి కుదిరాడు.

ఇస్నాపూర్ అవతల ఒక కాలనీలో వాడు కెమెరా దింపుతుంటే పక్కనే నిలబడి చూశాం. మొదట కేసింగు గొట్టం లోపలి గోడ కనిపించింది. నీలం రంగు, అక్కడక్కడా తుప్పు మరకలు. ఆ తర్వాత గొట్టం అంచు. దాని కింద నుంచి వట్టి రాయి. సంగారెడ్డి నేల పైపొర మెత్తగా, పిండిరాయిలా ఉంటుంది. కింద గట్టి రాయి. మెత్తటి పొర కూలకుండా అంతవరకే కేసింగు వేస్తారు. ఆ కేసింగు గట్టి రాయిలోకి కొంచెం దిగి, అక్కడ బిగుసుకుని కూర్చోవాలి. ఈ బోరులో అలా కూర్చోలేదు. గొట్టం అంచుకూ రాయికీ మధ్య సందులో నుంచి పచ్చటి చార ఒకటి గోడ వెంట కిందికి కారుతోంది. వాడు కేబులు ఆపి, తెర మీద వేలు పెట్టి, "ఇదిగో సార్, పై నీళ్ళు దిగుతున్నయి. వీళ్ళు తాగేది పాతాళం నీళ్ళు అనుకుంటున్నరు" అన్నాడు. కాలనీ ఆడవాళ్ళు ముగ్గురు మా భుజాల మీదుగా చూస్తున్నారు. ఒకామె బిందె పక్కన పెట్టేసింది.

అక్కడ ఆ చారకు ఎంత అర్థముందో ఆ ప్రాంతం సంగతి తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. కంపెనీల మురుగు నక్కవాగులో కలిసి, వాగు పొడవునా బావులు పాడై, పొలాలు పోయి, 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు గారు ఆ నీళ్ళ కోసం దశాబ్దాల పాటు కొట్లాడారు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళను పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు ఉందని రాశారు. జ్వరానికి, విరేచనాలకు మనం మింగే మాత్రలో ఉండే మందే అది. పైపొరలో ఇంత చరిత్ర ఉన్న చోట కేసింగు అడుగున సందు ఉంటే బోరు ఎంత లోతుంటే ఏం లాభం? కారేది ఏమిటో కెమెరా చెప్పదు. దానికి ల్యాబు పరీక్ష కావాలి. ఎక్కడ కారుతోందో మాత్రం చెబుతుంది. వాడు కూడా కాలనీవాళ్ళకు అంతవరకే చెప్పాడు. ఎక్కువ చెప్పలేదు. మాకది నచ్చింది.

ఆ సందు కనిపించాలంటే కెమెరా గొట్టంలో సందు ఉండకూడదు. ఇక అసలు విషయం.

నీళ్ళలో ప్రతి 33 అడుగులకూ ఒక చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు పెరుగుతుంది. బోరులో రెండు వందల అడుగుల దగ్గర నీళ్ళు తగిలాయి, కెమెరా ఎనిమిది వందల దాకా దిగింది అనుకోండి. మీదున్న నీళ్ళు ఆరు వందల అడుగులు. అంటే చదరపు సెంటీమీటరుకు 18 కిలోలు. ముందున్న అద్దం నాలుగు సెంటీమీటర్ల వ్యాసం ఉంటే దాని వైశాల్యం పన్నెండున్నర చదరపు సెంటీమీటర్లు. మొత్తం రెండుంబావు క్వింటాళ్ళు. అరచేతి గుంటలో పట్టే అద్దం మీద రెండు బస్తాలకు పైగా వడ్లు మోపినట్టు. ఈ లెక్క తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించి చూడండి. పుస్తకంలో ఇచ్చే లెక్క కంటే తొందరగా చేస్తారు.

అంత ఒత్తిడిని ఆపేది గాజుల దుకాణంలో పిల్లల గాజులా కనిపించే నల్ల రబ్బరు రింగు. అంగడిలో ఓరింగు అంటారు. కెమెరా గొట్టానికి ముందు అద్దం దగ్గర ఒకటి, వెనక మూత దగ్గర ఒకటి లేదా రెండు ఉంటాయి. మూతకు చుట్టూ గాడి ఉంటుంది. రింగు అందులో కూర్చుంటుంది. గాడి లోతు రింగు మందం కంటే కొంచెం తక్కువ. మూత బిగిస్తే రింగు నలిగి, అటు గాడి అడుగునూ ఇటు గొట్టం గోడనూ ఒత్తుకుని ఉంటుంది. రబ్బరు నలిగినా మళ్ళీ లేవాలని చూస్తుంది. ఆ లేవాలనే గుణమే నీళ్ళను ఆపేది. గ్రీజు ఆపుతుందని చాలామంది అనుకుంటారు. గ్రీజు పని వేరు.

ఇందులో మాకు కొత్తగా తెలిసిన సంగతి ఒకటుంది. లోతుకు పోయే కొద్దీ రింగుకు కష్టం అనుకున్నాం. మంచి రింగుకు అది నిజం కాదు. నీళ్ళు రింగును గాడిలో అవతలి అంచుకు నెట్టి ఇంకా గట్టిగా ఒత్తుతాయి. నీళ్ళే రింగును బిగిస్తాయి. కాబట్టి సరిగా కూర్చోని రింగు, నలిగి చచ్చిన రింగు ఎక్కువగా మోసం చేసేది పైపైనే, మొదటి పది ఇరవై అడుగుల్లోనే. అక్కడ ఒత్తేంత బలం నీళ్ళకు లేదు. సముద్రంలో బొమ్మలు తీసేవాళ్ళ కెమెరాలు కూడా చాలాసార్లు మునిగిన మొదటి నిమిషాల్లోనే, ఒక్కోసారి కడగడానికి పెట్టిన తొట్టిలోనే పాడవుతుంటాయట.

వాడి గది ఇస్నాపూర్‌లో. నలుగురు ఉండే గది. సాయంత్రం చాప మీద పాత పంచె పరిచి పనికి కూర్చున్నాడు. మేము ఇద్దరం ఎదురుగా కూర్చున్నాం. గొట్టాన్ని ముందే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, గంటసేపు ఆరబెట్టాడు. తడి ఉండగా మూత తీస్తే చుక్క లోపలికి జారుతుంది. మూత తీసేటప్పుడు గొట్టం తెరిచే వైపు కిందికి ఉండేలా పట్టుకున్నాడు. ఉన్న చుక్క నేల మీద పడుతుంది గానీ లోపలికి పోదు.

రింగు తీయడానికి స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. వెదురు పుల్ల ఒకటి చెక్కి నున్నగా చేసి పెట్టుకున్నాడు. ఇనుము తగిలితే గాడికి గీత పడుతుంది. రింగు చెడితే కొత్తది వేస్తాం, గాడి చెడితే ఏం వేస్తాం? ఆ గీత వెంటే నీళ్ళు దారి చేసుకుంటాయి. చాలామంది రింగు మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా గాడి మీద పెట్టరు.

తీసిన రింగును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని చుట్టూ జరుపుతూ పోయాడు. కళ్ళు మూసుకున్నాడు. మేము నవ్వాం. "కన్ను కంటే వేలు నయం సార్. ఇసుక పలుకు, వెంట్రుక, చిన్న చీలిక, అన్నీ వేలికే తగుల్తయి" అన్నాడు. మా పెద్దవాళ్ళు రాత్రిపూట విత్తనాల్లో పుచ్చులు ఏరేది ఇలాగే. ఆ తర్వాత టార్చి వేసి చూశాడు. రింగును మరీ సాగదీయలేదు. కొద్దిగా వంచి, వంపు మీద పగుళ్ళున్నాయా అని చూశాడంతే. ఎండ తగిలినా, వేడికి మగ్గినా రబ్బరు మీద సన్నటి నెర్రెలు వస్తాయి. మే నెలలో కెమెరా పెట్టెను ట్రాలీలో ఎండకు వదిలేస్తే ఒక్క సీజనులో రింగు ముసలిదవుతుంది.

గాడిని కళ్ళజోడు తుడిచే గుడ్డతో తుడిచాడు. దూది వాడడు, పోగులు వదులుతుంది. ఒక్క దూది పోగు రింగు మీద అడ్డంగా పడితే అది వాగు మీద వేసిన దుంగే. నీళ్ళు దాటొస్తాయి.

ఇక గ్రీజు. కందిగింజంత సిలికాన్ గ్రీజు వేలికి తీసుకుని రింగంతా రాశాడు. రింగు మెరిస్తే చాలు, తెల్లగా కనపడకూడదు. గ్రీజు రింగును జారేలా చేస్తుంది. మూత బిగిస్తున్నప్పుడు మెలి పడకుండా, ఎండిపోయి అతుక్కోకుండా గాడిలో సర్దుకుంటుంది. ఎక్కువైతే దుమ్మును పిలుస్తుంది. ఏ రింగుకు ఏ గ్రీజు అన్నది కూడా చూడాలి. నల్లటి నైట్రైల్ రింగుకు సిలికాన్ గ్రీజు సరిపోతుంది. రింగే సిలికాన్‌ది అయితే ఆ గ్రీజుకు ఉబ్బిపోతుంది. కంపెనీల్లో పైపులకు వాడే ఇ.పి.డి.ఎం. అనే రబ్బరుంది. దానికి నూనె గ్రీజు, వ్యాసిలీన్ పడవు. నైట్రైల్ నూనెలకు బాగా ఆగుతుంది గానీ అసిటోన్‌కు ఆగదు. చూడటానికి అన్నీ నల్లగా ఒక్కలాగే ఉంటాయి. మందుల కంపెనీల్లో మా పిల్లలు రోజూ బిగించే గ్యాస్కెట్లకూ ఇదే సూత్రం. అక్కడ తప్పు రబ్బరు వేస్తే చెడేది కెమెరా కాదు. అందుకే ఈ రబ్బరు పేర్లు నాలుగైనా మన పిల్లల నోట్లో ఉండాలని మాకు గట్టిగా అనిపించింది.

కొత్త రింగు కొనేటప్పుడు చాలామంది పాత రింగును పట్టుకుపోయి దానికి సరిపోయేది అడుగుతారు. పాతది సాగి, నలిగి ఉంటుంది. దాని కొలత ఇప్పుడు దాని సొంత కొలత కాదు. వీడు గాడిని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, లోపలి వ్యాసం, మందం నోటుబుక్కులో రాసుకుని సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్తాడు. దుకాణం ముందు మేకుకు గుత్తులుగా వేలాడే రింగులు తీసుకోడు. మేకు దగ్గర వంపు పడి ఉంటాయి, ఎండకు ఎండి ఉంటాయి. లోపల కవర్లో ఉన్నవి అడుగుతాడు. ఇంటికి తెచ్చినవి నల్ల కవర్లో, మడత పడకుండా పెడతాడు. గట్టిదనం 70 షోర్ అని అడగడం కూడా నేర్చుకున్నాడు. మా బడిలో ఎనిమిదో తరగతిలో దశాంశాల దగ్గర ఏడ్చినవాడు ఇప్పుడు మిల్లీమీటరులో పదో వంతు గురించి దుకాణదారుతో వాదిస్తాడు.

మూత బిగించే ముందు లోపల రెండు సిలికా జెల్ పొట్లాలు వేస్తాడు. వానాకాలం గాలిని లోపల పెట్టి మూసేస్తే, చల్లటి నీళ్ళలో దిగాక ఆ గాలిలోని తేమే అద్దం మీద మంచు కడుతుంది. రింగు బాగున్నా కారిందని భ్రమ. పొడి గాలిలో మూయాలి.

కొత్త రింగు వేశాక వెంటనే బోరులో దింపడు. కెమెరా, బల్బులు బయటికి తీసి, ఖాళీ గొట్టంలో టిష్యూ కాగితం చుట్టి పెట్టి మూస్తాడు. మొదట బకెట్టులో ముంచి అరగంట. బుడగ వస్తుందా? పైపై నీళ్ళ పరీక్ష ఇది. ఆ తర్వాత స్టీలు తీగకు కట్టి బోరులో లోతుకు ఒక రాత్రి. పొద్దున తీసి కాగితం ముట్టుకుంటే తెలుస్తుంది. ముందు వైపు తడిస్తే అద్దం దగ్గర రింగు, వెనక వైపు తడిస్తే మూతదో కేబులు దూరే చోటుదో. కేబులు పై తొడుగు రాతి అంచుకు చీరుకుపోతే నీళ్ళు తొడుగు లోపలి నుంచే పాకుతూ వస్తాయి. అప్పుడు రింగులు ఎన్ని మార్చినా దండగే.

ఇంత తెలిసినవాడి జీతం ఎందుకు ఆగింది?

అప్పుడు వాడు వేరే ఒకాయన దగ్గర పనిచేసేవాడు. ఒకరోజు కెమెరాలోకి నీళ్ళు పోయాయి. లక్షకు పైన ఖరీదు. రింగు సరిగా కూర్చోబెట్టలేదు, నీదే తప్పు అని యజమాని రెండు నెలల జీతం ఆపాడు. కెమెరా తీసిన వీడియో మిగిలింది. అందులో నీళ్ళు తగిలాక ఇరవై అడుగుల దగ్గర అద్దం లోపల మొదటి చుక్క కనిపిస్తోంది. "రింగు పాతదైతే అడుగున కారాలి గదా, పైన్నే ఎట్ల కారింది? నువ్వే సరిగా పెట్టలే" అన్నాడట ఆయన. పైన చెప్పిన సంగతి తెలియకపోతే ఎవరికైనా ఆ మాట సబబుగానే తోస్తుంది. వీడు అక్కడ తెలిసిన ఫిట్టర్ అన్నను ఒకరిని వెంట తీసుకుపోయి, కాలిపర్ పెట్టి చూపించాడు. కొత్త రింగు మందం 3.5 మిల్లీమీటర్లు. గాడి లోతు 2.8. అంటే రింగు ఐదో వంతు నలుగుతుంది, ఉండాల్సింది అంతే. ఆగిపోయిన కెమెరాలోంచి తీసిన రింగు మందం 2.9. నలగడానికి మిగిలింది ఒక్క మిల్లీమీటరులో పదో వంతు. గుండ్రటి పూస పప్పుబద్ద అయిపోయింది. దీన్నే కంప్రెషన్ సెట్ అంటారు. రబ్బరు లేవడం మానేసిందని అర్థం.

రింగు తప్పుగా పెట్టినా పైపైనే కారుతుంది కాబట్టి వీడియో ఒక్కటే వాడిని గెలిపించలేదు. గెలిపించినవి ఫోనులో ఉన్న మూడు మెసేజ్‌లు. "అన్నా, రింగు మార్చాలె, ఇరవై రూపాయలు" అని మూడు వేర్వేరు తేదీల్లో పంపాడు. రెండింటికి జవాబు లేదు. ఒకదానికి "ఇంకో నెల నడుపు" అని ఉంది. చివరికి ఒక నెల జీతం ఇచ్చాడు, ఇంకో నెలది ఇవ్వలేదు. వాడు ఆ పని మానేశాడు. ఇప్పుడు నారాయణఖేడ్ వైపు తండా నుంచి వచ్చిన ఇద్దరు లంబాడీ పిల్లలతో కలిసి పాత కెమెరా ఒకటి అద్దెకు తెచ్చుకుని నడుపుతున్నారు. మేము చూసింది ఆ కెమెరానే. ఒక రూళ్ళ నోటుబుక్కు పెట్టారు. తేదీ, ఏ బోరు, ఎన్ని అడుగులు, రింగు తుడిచింది ఎవరు, మార్చింది ఎప్పుడు. చెడినా చెడకపోయినా ప్రధాన రింగులు ఏడాదికి ఒకసారి మార్చాలని మొదటి పేజీలోనే రాసుకున్నారు. సంతకం కూడా ఉంది. మన బడుల్లో హాజరు పట్టీ అంత శుభ్రంగా ఉంటే బాగుండేది.

తిరిగి వచ్చేటప్పుడు వాడు ఒక కవరు నిండా పాత రింగులు ఇచ్చాడు. పిల్లలకు చూపించమని. బడిలో "సీలు అంటే ఏంటి?" అని అడిగితే ఐదో తరగతి పిల్ల ఠక్కున "తహసీల్దారు ఆఫీసుల కొట్టేది" అంది. ఆ సీలు మన పిల్లలకు బాగా తెలుసు. కుల ధ్రువపత్రం కోసం తండ్రి ఎన్నిసార్లు తిరిగాడో వాళ్ళకు గుర్తే. నీళ్ళను ఆపే సీలు ఇంకొకటుందని చెప్పి, ఇంట్లో ఎక్కడ చూశారో వెతకమన్నాం. మర్నాటికి కుక్కరు గ్యాస్కెట్, టిఫిన్ డబ్బా రబ్బరు, సైకిలు పంపు వాషర్, చేతిపంపు వాషర్ వచ్చాయి. ఒక పిల్లవాడు వాళ్ళ తాత సొరకాయ బుర్ర తెచ్చాడు, మూతికి ఆకు చుట్టి బిగించిన బిరడాతో సహా. తలకిందులు చేసి చూపించాడు. చుక్క పడలేదు. ఎండిన ఆకు తడిసి ఉబ్బుతుంది, సందు మూస్తుంది. రబ్బరు పని వేరు రకం, కానీ ఆలోచన దగ్గరిదే.

చేతిపంపు కథ మన గూడేలదే. యూనిసెఫ్ సాయంతో 1970ల్లో తయారైన ఇండియా మార్క్-2 పంపులో కింద సిలిండరులో వాషర్లు ఉంటాయి. మొదట తోలువి, తర్వాత నైట్రైల్ రబ్బరువి. అవి అరిగితే ఎంత కొట్టినా నీళ్ళు రావు. మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాలి. దానికి మండలం నుంచి మెకానిక్ బండి రావాలి. బండి వచ్చేదాకా వాగు నీళ్ళే. తర్వాత మార్క్-3లో పైపు లావుగా చేశారు. పైపులు కదపకుండా ప్లంజరును మాత్రం పైకి తీసి, ఊళ్ళో ఆడవాళ్ళే వాషరు మార్చుకోవచ్చు. రబ్బరు ముక్క ఖరీదు పెద్ద తేడా లేదు. దాన్ని చేరుకునే దారి ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

పెద్ద తరగతుల పిల్లలకు ఓరింగు కథ చెప్పాం. డెన్మార్కులో పుట్టి అమెరికా వెళ్ళిన నీల్స్ క్రిస్టెన్‌సెన్ డెబ్భై దాటిన వయసులో, 1937లో, దీనికి పేటెంటు అడిగాడు. 1939లో వచ్చింది. ఇక 1986 జనవరి 28. అమెరికా వ్యోమనౌక చాలెంజర్ లేచిన 73 సెకన్లకు ముక్కలైంది. ఏడుగురు పోయారు. వాళ్ళలో ఒకరు మనలాంటి బడి పంతులమ్మ. పిల్లలు వెంటనే కల్పనా చావ్లా అంటారు. ఆమె పోయింది 2003లో, కొలంబియాలో, దాని కారణం వేరు. చాలెంజర్‌లో రాకెట్టు అతుకుల దగ్గరి ఓరింగులు ఆ రోజు చలికి బిరుసెక్కి, సమయానికి లేవలేదు. ముందు రాత్రే ఆ రాకెట్టు చేసిన కంపెనీ ఇంజనీర్లు చలిలో వద్దన్నారు. పైవాళ్ళు వినలేదు. తర్వాత విచారణలో రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త రింగు ముక్కను క్లాంపుతో నొక్కి ఐసునీళ్ళలో ముంచి, తీసి విప్పాడు. రబ్బరు వెంటనే లేవలేదు. అది చెప్పగానే వెనక బెంచీ నుంచి ఒకడు "మన అన్నది గూడ గట్లనే లేవలే గద సార్" అన్నాడు. వాడిది చలికి కాదు, వయసుకు, అని సర్దిచెప్పాం గానీ పోలిక పట్టుకున్నందుకు సంతోషమేసింది.

ఉపాధ్యాయ మిత్రులు ఇది బడిలో చేయొచ్చు. రబ్బరు ఉన్న స్టీలు టిఫిన్ డబ్బాలు రెండు చాలు. రెండింట్లో పొడి టిష్యూ పెట్టండి. ఒకదాని రబ్బరు శుభ్రంగా తుడిచి మూయండి. ఇంకోదాని రబ్బరు మీద అడ్డంగా ఒక తల వెంట్రుక, నాలుగు ఇసుక పలుకులు వేసి మూయండి. రాయి కట్టి రెండూ నీళ్ళ తొట్టిలో రాత్రంతా ఉంచండి. మా బడిలో ఇసుక డబ్బాలో కాగితం ముద్దయింది. రెండోదీ ఒక మూల కాస్త చెమ్మగిల్లింది. ఎందుకో పిల్లలే కనిపెట్టారు. ఆ డబ్బా అంచుకు చిన్న సొట్ట ఉంది. రబ్బరు మంచిదే, అది కూర్చునే చోటు మంచిది కాదు. వాడు వెదురు పుల్ల ఎందుకు వాడతాడో అప్పుడు మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఈ ఏడు పదో తరగతి అయిపోయిన పిల్లల్లో ఇద్దరు పటాన్‌చెరు పోతామంటున్నారు. ఐ.టి.ఐ.లో ఫిట్టర్ చేసి పొమ్మని చెబుతున్నాం. ఒకడు ఒప్పుకున్నాడు. రెండోవాడి ఇంట్లో అప్పుంది, ఆగలేనంటున్నాడు. పోయేవాడికి ఒక మాట చెప్పాం: ఏ సామాను మార్చాలని అడిగినా నోటితో అడిగి ఊరుకోకు, మెసేజ్ పెట్టు, తేదీ ఉండాలి. కాలిపర్ కొనుక్కోమని మా వంతుగా కొంత డబ్బు ఇచ్చాం.

మా బడి బోరులో మూడేళ్ళుగా వాన పడిన మర్నాడు ఎర్ర నీళ్ళు వస్తున్నాయి. రెండు రోజులకు తేటపడతాయి. రికార్డులో కేసింగు నలభై అడుగులని ఉంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు కెమెరా తెస్తానన్నాడు. అద్దె కెమెరా కాబట్టి ఒక్క రోజే ఇస్తారట. ఆ రోజు మోటారు పైకి తీయడానికి మనుషులు కావాలి. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఇప్పటికే ఒక కాగితం తయారు చేశారు: ఎన్నో అడుగు దగ్గర కేసింగు అంచు, అక్కడ చార ఉందా లేదా, నీళ్ళు ఎన్నో అడుగులో తగిలాయి. చివరి గడిలో "రింగు తుడిచింది ఎవరు" అని ఉంది. ఆ గడిలో ముగ్గురు అప్పుడే పేర్లు రాసేసుకున్నారు.